ఊరికొక అనుమానితుడు

నేరాలను నివారించాలంటే అన్నిటికన్నా ముందు కావలసింది ఒక నేరస్థుడు. ఈ చిన్న సంగతి తలకెక్కక ఎన్నో ఊళ్లు కెమెరాలనీ, టార్చిలైట్లనీ, ఈలలనీ కొనుక్కుని బోర్లాపడ్డాయి. మన కథలోని ఊరు అలాంటి తొందరపాటు పని చేయలేదు. దానికి మొదటినుంచీ సొంత దొంగ ఉన్నాడు.

ఆయన్ని ఊరంతా పిల్లి అనేవారు. వయసులో ఉన్నప్పుడు ఇంటి పెంకుల మీద నడిచినా కింద పడుకున్నవాళ్లకు నిద్రాభంగం కలిగేది కాదట, అందుకని ఆ పేరు. (ఇప్పుడు మంచం మీద నుంచి లేస్తే మోకాళ్ల చప్పుడు వీధి చివరికి వినిపిస్తుంది.) ఆయన చేసిన ఆఖరి దొంగతనం ధాన్యం మిల్లులో తూకం రాళ్లు ఎత్తుకుపోవడం. పోలీసులు రాళ్లతో సహా పట్టుకుని, పద్ధతి ప్రకారం ఆ రాళ్లను తూచారు. కిలో రాయి కిలో లేదు, ఐదు కిలోల రాయి ఐదు లేదు. దొంగ చేతిలో పడి అరిగిపోయి ఉంటాయని రాసుకుని, రాళ్లను మిల్లు యజమానికి మర్యాదగా అప్పగించి, పిల్లిని జైలుకు పంపించారు.

జైల్లో ఆయనకు తాళాలు బాగుచేయడం నేర్పారు. (ఆ శాఖవారి దూరదృష్టికి ఇదొక నిదర్శనం.) తిరిగొచ్చాక ఆ పనిలోనే స్థిరపడ్డాడు. ముందుగదిలో ఒక చెక్కబల్ల, దాని మీద ఆకురాళ్లు, కిరసనాయిలు గిన్నెలో నానుతున్న తుప్పు తాళాలు, గోడకు కొట్టిన మేకులకు వేలాడుతూ సగం ఊరి మారుతాళం చెవులు. ఎవరు ఊరెళ్లినా ఇంటి తాళం పిల్లి చేతికే ఇచ్చి నిశ్చింతగా బస్సెక్కేవారు. ఆయన దొంగతనం మానేశాక పుట్టినవాళ్లు పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కన్నారు. ఆ పిల్లల్లో ఒకరిద్దరు ఆయన్ని దొంగతనం ఎలా చేస్తారని అడిగితే మరిచిపోయానని నిజమే చెప్పాడు.

అయినా అనుమానితుల పట్టీలో ఆయన పేరు అలాగే ఉంది. ఉండక తప్పదు. గ్రామీణ నేర నివారణ పథకం నిబంధనల ప్రకారం, కనీసం ఒక్క అనుమానితుడైనా ఉన్న ఊరికే పోలీసు ఔట్‌పోస్టు ఇస్తారు. అనుమానితుడు లేని ఊళ్లో నేరం జరిగే అవకాశం లేదని పై అధికారులు చాలా శాస్త్రీయంగా తేల్చారు. ఔట్‌పోస్టు ఉంది కనుక కానిస్టేబులు నడవడానికి వీధిదీపాలు వచ్చాయి. జీపు రావడానికి తారురోడ్డు వచ్చింది. అంతకుముందు దుమ్ము కొట్టి పోయే బస్సు ఇప్పుడు ఔట్‌పోస్టు ముందు ఆగుతోంది. ఈ భారమంతా పిల్లి ఒక్కడే మోస్తున్నాడు. ఆయన మాత్రం తనకున్నది మోకాళ్ల నొప్పులే అనుకునేవాడు.

కుర్ర కానిస్టేబులు రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి "మామా, ఉన్నావా?" అనేవాడు. "ఉన్నాను బాబూ, లోపలికి రా" అనేవాడు పిల్లి. ఆ మాటతో నిఘా పూర్తయ్యేది. తర్వాత టీ తాగి నివేదిక రాసేవాడు. ఒకసారి ఇలా రాశాడు: "అనుమానితుడు ఇంట్లోనే ఉన్నాడు. తాళం బాగుచేస్తున్నాడు. తాళం నాదే."

ఊరు కూడా ఆయన్ని కంటికి రెప్పలా చూసుకునేది. ఒక ఏడాది ఆయనకు జ్వరం వచ్చి తగ్గకపోతే నేర నివారణ సంఘం అత్యవసరంగా సమావేశమై డాక్టర్ని పిలిపించింది. సంఘం అధ్యక్షుడైన మిల్లు యజమాని స్వయంగా మంచం పక్కన కూర్చుని, "ఒరేయ్, నీకేమన్నా అయితే ఊరేమైపోవాలిరా" అని కళ్లు తుడుచుకున్నాడు. దాన్ని ప్రేమ అనుకుని పిల్లి కూడా ఏడ్చాడు. (ప్రేమ కాదని కూడా అనలేం. రోడ్డు మీద ప్రేమ ఉండకూడదని ఎక్కడా లేదు.)

ఇలా అంతా సవ్యంగా సాగిపోతున్న రోజుల్లో పట్నం నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. అల్లుడు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. ఆమెకు కుట్టుమిషన్ల కొట్టుంది.

"నాన్నా, వీడు బడి నుంచి వచ్చి నేను కొట్టు కట్టేసేదాకా మెట్ల మీదే కూర్చుంటున్నాడు. పక్కింటివాళ్లు కొన్నాళ్లు చూశారు. ఇప్పుడు మొహం తిప్పుకుంటున్నారు. నువ్వొచ్చేయ్. నీకూ కళ్లు కనపడ్డం లేదు, ఇంకా ఆ తాళాలేంటి?"

మనవడు ఫోన్ లాక్కుని, "తాతా, నువ్వొస్తే నా మంచం నీకిస్తా, నేను కింద పడుకుంటా" అన్నాడు.

తన కోసం ఒకరు మంచం ఖాళీ చేస్తాననడం ఆయన ఎప్పుడూ వినలేదు. అప్పటినుంచీ ఆయనకు తాళాల మీద మనసు నిలవలేదు. వెళ్లాలి, వాడు బడి నుంచి వచ్చేసరికి తలుపు తీసి ఉంచాలి. అంతకుమించి ఆయనకు ఏమీ అక్కర్లేదు.

అయితే అనుమానితుడు అనుమతి లేకుండా ఊరి పొలిమేర దాటి నిద్రపోకూడదు. కూతురి పెళ్లికి కూడా ఒక కానిస్టేబులు వెంట వెళ్లాడు. (మగపెళ్లివారు అతన్ని మేనమామ అనుకుని ముందు వరసలో కూర్చోబెట్టారు.) అక్కడే ఉండిపోవాలంటే పట్టీలోంచి పేరు తీయించుకోవాలి. కుర్ర కానిస్టేబులే దరఖాస్తు రాసిపెట్టాడు. "నేను మారినాను, దయచేసి గమనించగలరు" అని దాని సారాంశం.

దరఖాస్తు అందుకున్న ఇన్‌స్పెక్టరుగారు సౌమ్యులు. ఎవరి మీదా చేయి చేసుకోరు, నిబంధన మీద నిబంధన చేసుకుంటారంతే. ఒక మనిషి మంచివాడో కాదో పోలీసులు తేల్చడం అప్రజాస్వామికమని, ఇరుగుపొరుగు వారే తేల్చాలని ఔట్‌పోస్టు ముందు బహిరంగ విచారణ పెట్టించారు. పిల్లికి ధైర్యం వచ్చింది. సగం ఊరి తాళాలు తన దగ్గరున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాడు. కూతురికి ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్లమన్నాడు. సామాను ఒక సంచిలో సర్దేశాడు.

విచారణకు ఊరంతా వచ్చింది. కూతురూ మనవడూ అప్పుడే బస్సు దిగి వెనక బెంచీ మీద కూర్చున్నారు. ముందుగా మిల్లు యజమాని లేచాడు.

"వీడు మారాడంటే నేనొప్పుకోను సార్. ఆ చూపు చూడండి, ఇంకా అదే చూపు."

(ఆ కంటికి శుక్లం వచ్చి రెండేళ్లయింది.)

"ఏరా, నువ్వు మారావా?" అన్నాడు పిల్లితో.

"మారానయ్యా."

"చూశారా సార్, అబద్ధాలు కూడా మొదలెట్టాడు."

తర్వాత కిరాణా కొట్టావిడ వచ్చింది. చుట్టాలింటికి బయల్దేరిన మనిషి, చేతిలో సంచీతోనే నిలబడి సాక్ష్యం చెప్పింది. "బాబాయ్‌ని నమ్మడానికి లేదండీ. ఎప్పుడేం చేస్తాడో అని మేం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతుకుతున్నాం." ఆ మాట చెప్పి వెళుతూ, పిల్లి పక్కన ఆగి ఇంటి తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. "సాయంత్రం ఆవుకి గడ్డి వెయ్యి బాబాయ్. బీరువా తలుపు సరిగా పడట్లేదు, అదీ ఓసారి చూడు." తర్వాత గొంతు తగ్గించి, "ఏమనుకోకు. బస్సు ఆగకపోతే నాకు సరుకెలా వస్తుంది చెప్పు" అంది.

పిల్లికి బాధ కలిగింది. కోపం వస్తుందేమోనని చూశాడు, రాలేదు. ఆవుకి గడ్డి ఎక్కడుందో అడగడం మరిచిపోయానే అనుకున్నాడు.

కుర్ర కానిస్టేబుల్ని పిలిచారు. ఔట్‌పోస్టు ఎత్తేస్తే అతన్ని ఎక్కడికి వేస్తారో అతనికి తెలుసు. అయినా పాపం నిజమే చెప్పాడు, బూట్ల వైపు చూస్తూ.

"నేను వెళ్లినప్పుడల్లా ఇంట్లోనే ఉన్నాడు సార్."

"రోజూనా?"

"రోజూ సార్."

"అంటే దేనికోసమో కాచుకుని కూర్చున్నాడన్నమాట" అని ఇన్‌స్పెక్టరుగారు రాసుకున్నారు.

ఆపైన ఆయన ఒక మౌలికమైన ప్రశ్న లేవదీశారు. పిల్లి ఇన్నేళ్లుగా దొంగతనం చేయలేదు, ఒప్పుకుందాం. అది అతని మంచితనం వల్లనా, మన నిఘా వల్లనా? నిఘా వల్ల అయితే నిఘా తీసేయకూడదు. మంచితనం వల్ల అయితే ఇన్నేళ్లూ మనం ఏం చేస్తున్నట్టు? ఈ రెండో ప్రశ్న బహిరంగ సభలో అడగదగింది కాదు కనుక మొదటిదే నిజమని నిర్ణయించారు. సభ చప్పట్లు కొట్టింది.

అయితే ఇన్‌స్పెక్టరుగారు సౌమ్యులని ముందే చెప్పుకున్నాం. దారి మూసేయలేదు. పిల్లి వెళ్లవచ్చు, ఊరు ఇంకొక అనుమానితుణ్ణి చూపిస్తే చాలు. అర్హతలు చదివి వినిపించారు. స్థానికుడై ఉండాలి, రోజూ ఇంట్లో దొరకాలి, అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. జనంలోంచి ఎవరో, "తూకం రాళ్ల అనుభవం పనికొస్తుందా సార్?" అని అడిగారు. మిల్లు యజమాని వెంటనే అందరికీ టీ తెప్పించాడు. టీ తాగుతూ ఒక్కొక్కరే లేచి తామెంత నిర్దోషులో చెప్పుకున్నారు. తన పరిధిలో ఇంతమంది నిర్దోషులు ఉన్నారని ఇన్‌స్పెక్టరుగారికి అంతవరకూ తెలియదు. వాళ్ల వివరాలు కూడా సేకరించాలేమోనని ఆయనకు కాస్త దిగులు పట్టుకుంది.

అప్పుడే ఆయన చూపు వెనక బెంచీ మీద కాళ్లాడిస్తున్న పిల్లవాడి మీద పడింది. మొహం విప్పారింది.

"ఎవరీ బాబు?"

"మా అబ్బాయి సార్. ఆయన మనవడు" అంది కూతురు.

"మరి ముందే చెప్పరేంటమ్మా. కారుణ్య ప్రాతిపదిక ఉందిగా. ఇంటి పెద్ద తప్పుకుంటే కుటుంబంలో ఒకరికి ఇవ్వచ్చు. అనుభవం ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది."

కూతురికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుంది.

"వాడు రెండో తరగతి సార్."

"ఏం పర్లేదమ్మా. ఇప్పుడు పేరు మాత్రమే ఉంటుంది. పెద్దవాడయ్యాక పూర్తి హోదా ఇస్తాం. అందాకా సెలవుల్లో వచ్చి ఓ సంతకం పెట్టి వెళ్తే చాలు. చేతిరాత కూడా బాగుపడుతుంది."

"వాడేం చేశాడని సార్?"

"ఏం చెయ్యలేదమ్మా." ఇన్‌స్పెక్టరుగారు చాలా ఓపిగ్గా చెప్పారు. "చేశాక రాసుకుంటే అది నేరం. చెయ్యకముందే రాసుకుంటే నివారణ."

ఊరంతా తేలికగా ఊపిరి పీల్చుకుంది. మిల్లు యజమాని ఆమెను అభినందించాడు. నలుగురు ఆడవాళ్లు వచ్చి పిల్లవాడికి తాత పోలికలు వచ్చాయని మురిసిపోయారు. పిల్లవాడు అందరూ తనను చూస్తున్నందుకు సిగ్గుపడి నవ్వాడు.

పిల్లి లేచి నిలబడ్డాడు. మోకాళ్లు అందరికీ వినిపించాయి.

"సార్, నా కాగితం నాకిచ్చేయండి."

"ఎందుకయ్యా, పని అయిపోవచ్చింది కదా."

"అందులో తప్పు రాయించాను సార్. నేను మారలేదు. నాకింకా దొంగతనం ఆలోచనలు వస్తూనే ఉన్నాయి."

"నాన్నా" అంది కూతురు.

"నువ్వూరుకో అమ్మా. రాయండి సార్."

ఇన్‌స్పెక్టరుగారు పెన్ను తీశారు. "ఎలాంటి ఆలోచనలు? వివరాలు లేకపోతే పై ఆఫీసువాళ్లు ఒప్పుకోరు."

పిల్లి చాలాసేపు ఆలోచించాడు. ఊళ్లో ఏ ఇల్లు తలుచుకున్నా దాని తాళం తన గోడకే వేలాడుతోంది. దొంగిలించడానికి ఆయనకు ఏమీ తట్టలేదు. చివరికి, "మిల్లు మీద కన్నుందని రాయండి" అన్నాడు. మిల్లు యజమాని గర్వంగా తలాడించాడు.

కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఇన్నేళ్లలో పిల్లి పోలీసులకిచ్చిన వాంగ్మూలాల్లో పూర్తిగా అబద్ధమైనది అదొక్కటే. వాళ్లు వెంటనే నమ్మినదీ అదొక్కటే.

కూతురు ఏడుస్తూ, ఆయన సర్దుకుని తెచ్చిన సంచీ చూపించింది. "ఇదేం పని నాన్నా. వాడు రోజూ అడుగుతాడు, నేనేం చెప్పను?"

"తాతకి తాళాల పని ఎక్కువుందని చెప్పు. బస్సొచ్చే వేళయింది, ముందు వాణ్ణి ఇక్కణ్ణుంచి తీసుకెళ్లు తల్లీ." ఆయనకు మనవణ్ణి ఎత్తుకోవాలని ఉంది. ఎత్తుకుంటే దించలేనేమోనని భయం వేసి, తల మీద చెయ్యి మాత్రం వేసి తీసేశాడు.

ఎవరికీ కష్టం కలగకుండా విచారణ ముగిసినందుకు ఇన్‌స్పెక్టరుగారు ఎంతో సంతోషించారు. జీపు ఎక్కబోతూ ఆగి, వెనక్కి వచ్చి, పిల్లవాడి ముందు వంగి, బుగ్గ మీద మెల్లగా తట్టి పేరడిగారు. పిల్లవాడు చేతులు కట్టుకుని, బళ్లో నేర్పినట్టే తన పేరూ, ఇంటిపేరూ, తండ్రి పేరూ, వీధి పేరూ, ఇంటి నంబరూ ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఇన్‌స్పెక్టరుగారు భేష్ అని మెచ్చుకుని, ఈసారి కాస్త నెమ్మదిగా చెప్పమన్నారు.