నేల విడవని విమానం

"ఈ రోజు నుంచి సామాన్యుడికి ఆకాశం చుట్టమైపోయింది!" అని విమానయాన మంత్రిగారు ప్రకటించగానే చప్పట్లు మోగిపోయాయి. మొదట కొట్టింది నేనే. అది నా ఉద్యోగంలో భాగం.

మా మంత్రిగారి ఘనత మీకు తెలియనిది కాదు. ఆయన ప్రారంభించని వంతెన గానీ, ఆస్పత్రి గానీ, మరుగుదొడ్డి గానీ ఈ దేశంలో లేదు. కొన్నింటిని రెండేసి సార్లు ప్రారంభించారు, కట్టక ముందోసారి, కూలిపోయాక ఓసారి. అన్నిచోట్లా పళ్ళెంలో కత్తెర పెట్టుకుని ఆయన పక్కన నిలబడేది నేనే. పేపర్లో ఫొటో పడితే చూడండి, కుడివైపు కనిపించే మోచెయ్యి నాది.

ఆ రోజు కొత్త ప్రభుత్వ విమానం మొదటిసారి ఎగరాలి. దాన్ని సిద్ధం చేసే గ్రౌండ్ ఇంజినీర్లలో మా బావమరిది ఒకడు. ఏళ్ళ తరబడి టెంపరరీ. దినదినగండం నూరేళ్ళాయుష్షు. అదే సభలో వాడికి మంత్రిగారి చేతుల మీదుగా పర్మనెంటు ఆర్డరు ఇప్పిస్తానని మా ఆవిడకి మాటిచ్చాను. "మా తమ్ముడి ఆర్డరు లేకుండా వస్తే మీకు గుమ్మంలోనే వడ్డిస్తాను" అని ఆవిడా మాటిచ్చింది.

విమానం నేల మీదున్నప్పుడు చక్రాలు పొరపాటున ముడుచుకుపోకుండా ఒక్కోదానికి ఒక్కో ఇనుప పిన్ను గుచ్చి ఉంచుతారట. మరిచిపోకుండా దానికో ఎర్ర రిబ్బను వేలాడదీస్తారు. 'ఎగిరే ముందు తీయవలెను' అని దాని మీద ఇంగ్లీషులో రాసుంటుంది. మా బావమరిది ముందు చక్రం పిన్ను లాగేసి, రిబ్బనుతో సహా జేబులో పెట్టుకుని, రెండోదాని దగ్గరికి వెళ్తుంటే మంత్రిగారి పీఏ చూడనే చూశాడు.

"ఏయ్, రిబ్బను ముట్టుకున్నదెవడు?"

"నేనేనండీ. ఎగరాలంటే ఇవి తీయాలి."

"రిబ్బన్లు నువ్వు తీసేస్తే మంత్రిగారు దేనికొస్తున్నట్టు?"

"సార్, ఇవి ఆ రిబ్బన్లు కావు."

"ఎర్రగా ఉన్నాయా, లేదా?"

"ఉన్నాయి గానీ..."

పీఏ రిబ్బను పట్టుకుని రెండుసార్లు చదివాడు. "తీయవలెను అనుంది. ఎవరు తీయాలో లేదు. లేనప్పుడు ప్రోటోకాల్ ప్రకారం అక్కడున్నవాళ్ళలో పెద్దవారు తీస్తారు."

ఎన్నేళ్ళు ఫైళ్ళు తిరగేస్తే వస్తుందండీ ఆ తెలివి! నాకు ఒళ్ళు పులకరించింది.

మా బావమరిదికి నోటి దురుసు. "పెద్దవారొచ్చి చక్రాల కింద దూరతారా?" అనేశాడు. నేను వాణ్ణి పక్కకి లాక్కెళ్ళి చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"ఒరేయ్, ఇంకాసేపట్లో పర్మనెంటు అవుతున్నావు. అందాకా నోరు కుట్టేసుకోరా."

"బావా, పిన్ను ఉంటే చక్రం ముడుచుకోదు. చక్రాలు వేలాడేసుకుని పోతే గాలి అడ్డం పడి దారిలోనే ఇంధనం అయిపోతుంది. లోపల జనం ఉన్నారు బావా!"

"మంత్రిగారు తీస్తున్నారుగా!"

"ఆయన తీయడు, కత్తిరిస్తాడు."

అంతలో ఇంకో చిక్కొచ్చింది. మూడు రిబ్బన్లు మంత్రిగారికి, ఉపమంత్రిగారికి, పార్టీ నగర అధ్యక్షుడికి సరిపోతాయనుకుంటే, ముందు చక్రం రిబ్బను వీడి జేబులోకి పోయింది. తన వాటా గల్లంతైందని తెలిసి అధ్యక్షుడు అలిగి కారెక్కబోయారు. పార్టీ చీలిపోయే ప్రమాదం ఏర్పడింది. నేను సంచిలోంచి కొత్త రిబ్బను తీసి ముందు చక్రానికి ముడేశాను. పార్టీ నిలబడింది.

మంత్రిగారు నడుం వంచి రెక్క కిందికి వెళ్ళారు. ఎన్నికలయ్యాక ఆయన నడుం వంచడం అదే మొదటిసారి కావడంతో విలేకరులు ఎగబడ్డారు. టక్కున ఒకటి, టక్కున ఒకటి, టక్కున ఒకటి. రిబ్బన్లు పళ్ళెంలో పడ్డాయి. వెనక చక్రాల పిన్నులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

"బావా, పిన్నులు!" అని జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల నుంచి బావమరిది కేకేస్తున్నాడు. పోలీసులు వాణ్ణి ఇవతలికి రానివ్వడం లేదు. నేను పీఏ చెవిలో ఊదాను.

"రిబ్బనే పోయాక ఇంకా పిన్నెందుకయ్యా?" అన్నాడు పీఏ.

"ఆ పిన్నులే తీయించాలట సార్."

"మంత్రిగారు చేసిన పనిని టెంపరరీవాడు సరిదిద్దుతాడా? రేపు పేపర్లో ఏమొస్తుందో ఆలోచించావా?"

ఆలోచించాను. నోరు మూసుకున్నాను.

ఎగిరే ముందు కెప్టెన్ విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి. తిరిగాడు. కాకపోతే ఫొటో కోసం మంత్రిగారు ఆయన భుజమ్మీద చెయ్యేసి తిప్పారు. ఎక్కడా ఎర్ర రంగు కనబడకపోతే అన్నీ తీసేసినట్టే లెక్కట. కనబడలేదు. విలేకరుల కోసం కెప్టెన్ మాటలు మైకులో వినిపించే ఏర్పాటు చేశాం.

"పిన్నులు?" అని కో-పైలట్ అడిగాడు.

"మంత్రిగారు స్వయంగా తీశారు" అన్నాడు కెప్టెన్.

విమానం లేచింది. చప్పట్లు ఇంకా సాగుతుండగానే మైకులో కెప్టెన్ గొంతు మళ్ళీ వచ్చింది. "ముందు చక్రం ముడుచుకుంది. వెనక రెండూ ముడుచుకోవడం లేదు. ఇక్కడిక్కడే తిరిగి, ఇంధనం ఖర్చయి బరువు తగ్గాక దిగిపోతాం."

నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చెమటలు పోశాయి. మా బావమరిది తాడు పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. మంత్రిగారు మాత్రం చిరునవ్వు చెదరకుండా మైకు అందుకున్నారు.

"ఇది మేం బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. గత ప్రభుత్వాలు నేల విడిచి సాము చేశాయి. మా విమానం ఎంత ఎత్తుకి వెళ్ళినా కాళ్ళు ముడుచుకోదు. నేలని మరిచిపోదు. ప్రయాణికుణ్ణి ఎక్కడెక్కడికో తీసుకుపోయి వదిలెయ్యకుండా, ఎక్కిన ఊళ్ళోనే భద్రంగా దింపుతుంది!"

నేను కన్నీళ్ళతో చప్పట్లు కొట్టాను. ఒక విలేకరి లేచాడు. "మరి ముందు చక్రం ఎందుకు ముడుచుకుంది సార్?"

మంత్రిగారు పీఏ వంక చూశారు. పీఏ నా వంక చూశాడు. నేను మా బావమరిది వంక చూశాను.

"అది కుట్ర. విచారణ జరిపిస్తాం" అన్నారు మంత్రిగారు.

విమానం క్షేమంగా దిగింది. పోలీసుల్ని తోసుకుని మొదట పరిగెత్తింది మా బావమరిదే. మెట్లు దిగుతున్న ఒక్కొక్కర్నీ చూస్తూ వెక్కివెక్కి ఏడ్చాడు.

ప్రయాణికుల సామాన్లు బయటికి వచ్చేలోపే విచారణ ముగిసింది. రెండు చక్రాలు ప్రభుత్వ విధానాన్ని పాటించగా, మూడోదాన్ని పైఅధికారుల అనుమతి లేకుండా ముడుచుకునేలా చేసినందుకు మా బావమరిది సస్పెన్షన్. తీరా చూస్తే టెంపరరీవాణ్ణి సస్పెండ్ చెయ్యడానికి రూల్సు ఒప్పుకోవట. మంత్రిగారిది వెన్నలాంటి మనసు. అక్కడికక్కడే వాణ్ణి పర్మనెంటు చేసి, ఆ తర్వాతే సస్పెండ్ చేశారు. నా మాట నేను నిలబెట్టుకున్నాను. మా ఆవిడ ఎందుకో నాతో మాట్లాడటం మానేసింది.

వారం తిరక్కుండా పీఏ మా ఇంటికి వచ్చాడు. వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. మా ఆవిడ మంచినీళ్ళిచ్చింది.

"మీ తమ్ముణ్ణి ఓసారి పిలవండమ్మా. రేపు మంత్రిగారు మన విమానంలోనే రాజధానికి వెళ్తున్నారు. చక్రాలు అతనే చూడాలన్నారు."

"వాడు సస్పెన్షన్లో ఉన్నాడు కదండీ?"

"దానికి సవరణ చేయించాం. మంత్రిగారు ప్రయాణం చేసే రోజుల్లో ఆ సస్పెన్షన్ వర్తించదు."

లోపలి గదిలోంచి మా బావమరిది తల బయటపెట్టాడు. "మూడు పిన్నులూ లాగాలా, ప్రభుత్వ విధానం ప్రకారం రెండు ఉంచెయ్యాలా?"

"పరాచికాలొద్దు బాబూ. మూడూ లాగు. లాగి, మంత్రిగారికి చూపించి, అప్పుడు ఎక్కించు."

"మరి మిగతా రోజుల్లో ఎక్కే జనం సంగతేమిటండీ?" అంది మా ఆవిడ.

పీఏ నీళ్ళు పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"వాళ్ళకేమమ్మా, ప్రభుత్వం అండగా ఉంది" అన్నాడు.