అర సెకను ముందు

మనిషికి సొంత నిర్ణయమంటూ ఏదీ లేదని మెదడు పరిశోధనా సంస్థ సోమవారం ఉదయం పదకొండు గంటలకు అధికారికంగా ప్రకటించింది. చెయ్యెత్తాలని మనిషి అనుకోవడానికి అర సెకను ముందే మెదడులో కదలిక మొదలవుతుంది. మనిషికి ఆ సంగతి తరవాత తెలుస్తుంది, ఇంట్లో అన్నీ ఖాయమయ్యాక ఇంటిపెద్దకు కబురందినట్టు. ఈ సత్యాన్ని వెలికితీసినందుకు సంచాలకులవారికి పతకం వచ్చింది. దాన్ని వారు పూర్తిగా తమ ఘనతగానే స్వీకరించారు.

ఆ వారమే అతిథుల ముందు ప్రదర్శన పెట్టారు. సంచాలకులవారే కుర్చీలో కూర్చున్నారు. పదిహేనేళ్లుగా జనం నెత్తికి జెల్ పూసి తీగల టోపీ తొడుగుతున్న ఆపరేటరు వారికీ తొడిగాడు. అతడికి వేరే విద్య రాదు. వారు చెయ్యెత్తారు. తెరమీద మెదడు కదలిక చూపే గీత కదలలేదు. తీగ ఊడిందేమోనని ఆపరేటరు తడిమి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. పెద్దమనిషి పరువు పోతుందని గబుక్కున యంత్రం కట్టేశాడు.

మర్నాడే తాఖీదు అందింది: "బుద్ధిపూర్వకంగా, స్వేచ్ఛగా నిర్ణయించుకొని యంత్రం ఆపినందున మిమ్మల్ని ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించరాదో తెలుపగలరు."

భార్య చదివి నవ్వింది. "భయమెందుకండీ? మనిషికి సొంత నిర్ణయం లేదని వాళ్లే అచ్చేశారుగా. ఆ కాగితమే మొహాన కొట్టండి."

"కొట్టడమేమిటే!"

"సరే, వినయంగా చేతికివ్వండి. మీవల్ల అయ్యేది అదేగా."

విచారణ సంఘంలో అధ్యక్షులతో కలిపి ముగ్గురు సభ్యులు. ఫిర్యాది సంచాలకులవారే, అధ్యక్షులూ వారే, సమయం కలిసొస్తుందని.

"అయ్యా, నాకంటే అర సెకను ముందే నా మెదడు ఆపేసిందండి. నాకు కబురు ఆలస్యంగా అందింది," అంటూ ఆపరేటరు కాగితం వినయంగా చేతికిచ్చాడు.

"ఆ సిద్ధాంతం మానవజాతికి సంబంధించిందయ్యా. సిబ్బందికి వర్తించదు," అన్నారు సంచాలకులవారు.

అందులోని సూక్ష్మానికి సభ్యులు తలలూపారు.

"తొలగింపుకు సమ్మతించేవారు, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, చేతులెత్తండి."

ఆపరేటరు కళ్లు అలవాటుకొద్దీ కదలిక ముందు ఎక్కడ పుడుతుందా అని వెతికాయి. దొరికింది. సంచాలకులవారి ఎడమ కనుబొమ లేచింది. సరిగ్గా అర సెకను తరవాత చేతులు లేచాయి. పదిహేనేళ్లలో ఇంత స్పష్టమైన ఫలితం అతడు చూసి ఎరగడు. చెబుదామని నోరు తెరిచాడు.

ఈలోగా గుమాస్తా చేతులు లెక్కపెట్టి పుస్తకంలో ఎక్కించాడు: సభ్యులు ముగ్గురు, చేతులు నాలుగు, తీర్మానం ఏకగ్రీవం.

నాలుగో చెయ్యి ఎవరిదా అని ఆపరేటరు చుట్టూ చూశాడు. తన చంకకు ఫ్యాను గాలి తగిలాక గాని తెలియలేదు.