బండి ఎక్కడ పెట్టుకోవాలో చెప్పారు, చాలదా!

అయ్యా, అమ్మా! క్యాన్సర్ స్క్రీనింగ్‌కి రమ్మనేవాళ్లు అక్కడేం చేస్తారో ముందుగా చెప్పకపోవడం మనందరి అదృష్టం! నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను.

వాళ్లు పంపే మెసేజ్‌లో ఏముంటుంది? తేదీ, టైము, బండి ఎక్కడ పెట్టుకోవాలో. బండి మీద ఎంత శ్రద్ధ! బండి దిగిన మనిషిని ఏం చేస్తారో మాత్రం ఒక్క ముక్క ఉండదు. ఎందుకుండాలండీ? అన్నీ వాళ్లే చెప్పేస్తే, ఎనిమిదో క్లాసులోనే చదువుకి దండం పెట్టేసిన నాలాంటి మేధావులు ఏమైపోవాలి?

మా వదిన బట్టలు కుడుతుంది. ఆవిడకి రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్‌కి రమ్మని మెసేజ్ వచ్చింది. ఒంట్లో ఏ బాధా లేదు, వయసు చూసి పిలిచారంతే. ఆ రోజే ఒక పెద్దమనిషి చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టేసింది.

ఆవిడ అడిగేది మూడంటే మూడు ముక్కలు. నొప్పి పుడుతుందా? గదిలో మగవాళ్లుంటారా? మళ్లీ రమ్మని ఫోనొస్తే ఇక అంతేనా?

మా అన్నయ్య "అక్కడ చెప్తార్లే" అని పేపర్ తిప్పాడు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే సంగీతం వినిపించారు. ఎంత కమ్మటి సంగీతమో! ఫోన్ స్పీకర్లో పెట్టి వదిన రెండు ప్యాంట్లకి అంచులు కుట్టేసింది. ఎదురింటావిడ తన తోటికోడలి పిన్నిగారి కథ చెప్పింది. ఆ కథలో చివరికి ఎవరూ మిగల్లేదు.

ఇక మిగిలింది నేను. మా ఇంట్లో అబద్ధాలకి హోల్‌సేల్ డీలర్ని!

"ఏం లేదు వదినా, ఇస్త్రీ పెట్టె లాంటిదే. నొక్కి, మడతపెట్టి, కవర్లో పెట్టి అన్నయ్య చేతికిస్తారు" అన్నాను.

వదిన నవ్వలేదు. "వేడిగా ఉంటుందా?" అని అడిగింది.

చూశారా! జన్మలో నా మాటని ఎవరైనా ఇంత గౌరవించారా?

ఆ రోజు తోడు వెళ్లింది కూడా నేనే. కౌంటర్ దగ్గర వదిన గొంతు తగ్గించి, "నొప్పేస్తుందామ్మా?" అంది. కౌంటర్ పిల్ల కంప్యూటర్లోంచి తలెత్తకుండా "కూర్చోండి, పిలుస్తారు" అంది.

వదిన కూర్చోలేదు. సంచి భుజాన వేసుకుంది. "చొక్కాలు ఇవ్వాల్సినవున్నాయి మరిదీ. వచ్చే ఏడాది చూద్దాంలే."

నాకెందుకో జోకు తట్టలేదు. పరిగెత్తి పరీక్ష గది తలుపు కొట్టాను. మిషన్ చూసుకునే ఆవిడ బయటికొస్తే, వదిన ప్రశ్నలన్నీ గుక్కతిప్పుకోకుండా అడిగేశాను. వెనక్కి పరిగెత్తుకొచ్చి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు, ఉప్పూకారం కలపకుండా వదినకి అప్పజెప్పాను.

వదిన నన్ను ఎగాదిగా చూసింది. "ఇస్త్రీ పెట్టె అన్న నోటితోనేనా?"

"ఒట్టు వదినా!"

"నీ ఒట్లు నాకు తెలీవా?" అంటూ గుమ్మం దాటేసింది.

ఏం చెయ్యను? మళ్లీ పరిగెత్తి ఆ మిషన్ ఆవిడనే బతిమాలి మెట్ల దాకా తీసుకొచ్చాను. ఆవిడ వదిన పక్కన నిలబడి చెప్పింది.

"లోపల ఆడవాళ్లమే ఉంటామండీ. రెండు పలకల మధ్య కాసేపు గట్టిగా నొక్కుతాం. కొందరికి నొప్పేస్తుంది. ఆపమంటే ఆపేస్తాం. మళ్లీ పిలిచామంటే ఇంకోసారి సరిగ్గా చూడాలని. అలా పిలిచినవాళ్లలో చాలామందికి ఏమీ ఉండదు."

"ఇంతేనా?" అంది వదిన. సంచి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది.

బయటికొచ్చాక భయంభయంగా అడిగాను, ఎలా ఉందని.

"నొప్పేసింది. ఆవిడ చెప్పినంతే."

రిజల్ట్ ఇంకా రాలేదు. చొక్కాలకి చేతులు మాత్రం సరిగ్గానే పడుతున్నాయి.

ఆస్పత్రి బాబులూ! మెట్ల మీద చెప్పిన ఆ నాలుగు మాటలకి మీ మెసేజ్‌లో, బండి పక్కన, కాస్త చోటు దొరకదా? నా వ్యాపారం దెబ్బతింటుందని మొహమాటపడకండి. అబద్ధాలాడుకోవడానికి నాకు బోలెడు విషయాలున్నాయి. ఇదొక్కటి మీరే చెప్పండి!