రావులమెరక మండల నేపథ్య సంగీతం

జూన్ నెల రెండో మంగళవారం ఉదయం పదీ నలభైకి రావులమెరక మండలంలోని మనుషులందరికీ నేపథ్య సంగీతం మొదలైంది. ఎవరిది వారి వీపు వెనక, మూరెడు దూరం నుంచి వినిపించేది. మనసులో ఏముంటే అది మోగేది.

ఆ సమయానికి తహసీల్దారు ఆఫీసులో డిప్యూటీ తహసీల్దారు సన్యాసిరావు గారు ఒక రైతుతో, "మీ ఫైలు పైకి పంపేశామండి. మా చేతుల్లో ఏం లేదు" అంటున్నారు. ఆ మాట పూర్తికాకుండానే ఆయన వెనక ఒక సన్నాయి కొంటెగా అందుకుంది. రైతు ఎవరిదో ఫోననుకుని చుట్టూ చూశాడు. సన్యాసిరావు గారు బల్ల సొరుగు మోకాలితో లోపలికి నెట్టారు. సన్నాయి ఇంకాస్త హుషారెక్కింది.

"ఒకసారి ఆ సొరుగులో చూడండి సార్" అన్నాడు రైతు.

ఫైలు అందులోనే ఉంది. "సరే, ఎవరి పాట వాళ్లకుంటది" అని సన్యాసిరావు గారు సంతకం పెట్టి టీ తెప్పించుకున్నారు.

వారం తిరక్కుండానే జనం అలవాటుపడ్డారు. సంగీతానికి టిక్కెట్టు కొట్టాలా అని బస్సుల్లో రెండు రోజులు తర్జనభర్జన జరిగింది. అది సీటు ఆక్రమించదు కాబట్టి అక్కర్లేదని తేలింది. ఒక పెళ్లిచూపుల్లో అబ్బాయి తనకు ఏ చెడు అలవాటూ లేదంటుండగా వెనకాల డప్పు చిందేసింది. ఒక పెద్దాయన అంత్యక్రియల్లో అల్లుళ్లిద్దరి వెనకా పెళ్లి బ్యాండు మోగితే, అందరూ చూపులు తిప్పుకున్నారు. సంగీతానికి అబద్ధం చెప్పడం రాదు. ఇబ్బందంతా అక్కడే వచ్చింది.

దీనివల్ల జీవితం ఒక దారిన పడ్డది జొన్నకూటి ఎస్తేరుకి. ఇరవైతొమ్మిదేళ్ల ఎస్తేరు అదే ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరు. పన్నెండో ఏట చర్చిలో మైకు కూత పెడుతుంటే, పెద్దలంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండగా లేచి వెళ్లి ఒక మీట తగ్గించి ఆ కూత ఆపింది. అప్పటినుంచి ఆమెకు శబ్దం తప్ప వేరే ధ్యాస లేదు. ఇంటి మేడమీద గదిని స్టూడియో చేసుకుంది. దర్జీ పని చేసే తల్లి మార్తమ్మ కుట్టిన బొంతలే నాలుగు గోడలకీ వేలాడదీసింది. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపడంలో బొంతను మించింది లేదు. డిసెంబరు ముందు క్రీస్తు పాటలు, కార్తీకంలో అయ్యప్ప పాటలు, పంచాయతీ ఎన్నికలప్పుడు రెండు పక్షాలకీ ఒకే వరసలో ప్రచార పాటలు చేసిపెట్టేది. తక్కిన నెలల్లో మైకు మీద గుడ్డ కప్పి ఉంచేది.

ఉద్యోగం మానేసి పూర్తిగా ఈ పనే చేసుకోవాలని ఆమె కోరిక. రాజీనామా కాగితం రెండేళ్లుగా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. మార్తమ్మ ఒప్పుకోలేదు.

"పొద్దున్నే తానం చేసి వెళ్లేదాన్నే పనంటారే" అనేది. "మేడ మీదకెళ్లి కూచునేదాన్ని పనంటారా?"

జులైలో సర్క్యులర్ వచ్చింది. సోమవారం అర్జీల రోజున మూడొందల మంది సంగీతం ఒకేసారి మోగేసరికి అధికారులకు ఒక్క ముక్కా వినపడలేదట. అందుకని ఇకపై "అర్జీదారుల నేపథ్య సంగీతము శుభ్రముగాను, స్పష్టముగాను, అర్జీలోని విషయమునకు అనుగుణముగాను ఉండవలెను. గుర్తింపు పొందిన సౌండ్ ఇంజినీరు ధ్రువీకరణ లేని అర్జీలు స్వీకరించబడవు" అని అందులో ఉంది. మండలంలో ఆ పని తెలిసింది ఎస్తేరు ఒక్కతే.

"ఆదివారాలు పాటలవీ చేత్తావంట గదమ్మా" అని అడిగారు సన్యాసిరావు గారు.

"చేస్తానండి."

"అయితే రిజైన్ చెయ్యి. ఆఫీసులో ఉన్నోళ్లు ధ్రువీకరించకూడదంట."

ఎస్తేరు హ్యాండ్‌బ్యాగులోంచి కాగితం తీసి, తేదీ మార్చి ఇచ్చేసింది. సాయంత్రం ఆమె ఇంటికి తెచ్చిన గుండ్రటి రబ్బరు సీలును మార్తమ్మ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. "సీలుందంటే ఉద్యోగమేలే" అంది. మర్నాడు స్టూడియో బోర్డుకి తనే పసుపు రంగు ఎంచింది.

పని తేలికైనదే. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, వీపు వెనక మైకు పెట్టి, అతని సంగీతాన్ని రికార్డు చేసేది. అందులో గుర్రుమనే చప్పుడూ, పక్కింటివాళ్ల సంగీతమూ కలిసి ఉంటే తీసేసేది. శుభ్రం చేసినదాన్ని మళ్లీ ఆ వీపు వెనకే మూడుసార్లు వినిపిస్తే, పాతది దిగిపోయి కొత్తది పట్టుకునేది. అలా ఎందుకు జరుగుతుందో సర్క్యులర్‌లో రాయలేదు కాబట్టి ఎవరూ అడగలేదు. మొదటి రెండు నెలలూ ఎస్తేరు ఎవరి సంగీతంలోనూ ఒక్క స్వరం కూడా తనది కలపలేదు. దుమ్ము దులపడమే తన పని, బొమ్మ మార్చడం కాదు అనుకునేది. రోజూ తెల్లారే లేచి స్నానం చేసి, పాడుకుంటూ మేడెక్కేది.

సెప్టెంబరులో కడలి పల్లయ్య వచ్చాడు. అరెకరం చేను రికార్డుల్లో పొరపాటున ఇంకొకరి పేరు మీదికి వెళ్తే, సరిచేయమని పదకొండేళ్లుగా తిరుగుతున్నాడు. అతని అర్జీ వాపసొచ్చింది. "తీవ్ర ఆవేదనతో అని రాసియున్నారు. సంగీతమునందు ఆవేదన కనబడుటలేదు" అని దాని మీద ఎర్ర సిరాతో ఉంది.

ఎస్తేరు విన్నది. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు పక్కన నిలబడితే వినిపించేటటువంటి సన్నని హోరు. హెచ్చూ లేదు, తగ్గూ లేదు. ఏదో తీగ సరిగ్గా తగల్లేదనుకుని మైకు మార్చి చూసింది. అదే హోరు. సరే, అడుగున అసలు సంగీతం ఉండి ఉంటుందని ఆ హోరును మొత్తం తీసేసింది. తీసేశాక ఏమీ మిగల్లేదు. స్టూలు మీద పల్లయ్య ఉన్నాడు. వెనకాల ఏమీ లేదు.

ఆమె గబుక్కున మీట వెనక్కి తిప్పి హోరును మళ్లీ పెట్టేసింది.

"బాబాయ్, బాధగా ఉండదా మీకు?"

"మొదట్లో ఉండేదమ్మా. ఐదారేళ్లు బాగానే ఉండేది. తర్వాత అరిగిపోయింది. ఇప్పుడు ఆఫీసుకి రాని రోజునే ఏదోలా ఉంటంది."

"మీ సంగీతం ఇదేనండి. ఇందులో తప్పేం లేదు."

"నాకూ తెలుసమ్మా. ఆళ్లకి తెలవాలి గదా."

ఎస్తేరు కంప్యూటర్లో తన పాత ఫైళ్లు తెరిచింది. ఆమెకు తనదంటూ ఒక పాట ఉంది. మూడేళ్లుగా ఎవరికీ వినిపించకుండా, ఒక్కొక్క గీతా దిద్దుకుంటూ చేస్తున్నది. అందులో వయొలిన్ ముక్క ఒకటి, తండ్రి పోయినప్పుడు కట్టింది. దాన్ని తీసి పల్లయ్య హోరు మీద పరిచింది. పరుస్తూంటే ఆమెకు సొంత చీర ఎవరికో కట్టబెడుతున్నట్టనిపించింది. కానీ పల్లయ్యకి అది నప్పింది.

సోమవారం అర్జీ చదవకుండానే తహసీల్దారు గారికి కళ్లు చెమర్చాయి. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా" అని మందలించి, అరగంటలో పట్టా సరిచేసి ఇచ్చారు. పదకొండేళ్లలో ఆయన స్థానంలో ఆరుగురు మారారు. పల్లయ్య మాత్రం ఆరుగురికీ చెప్పాడు.

ఆ మధ్యాహ్నానికే మేడమెట్ల మీద వరస కట్టారు. అందరూ అడిగింది ఒకటే: "పల్లయ్యకి పెట్టినటువంటిది." పింఛను ఆగిపోయినవాళ్లకీ, ఇల్లు రానివాళ్లకీ, ఎస్తేరు ఆ వయొలిన్‌నే కాస్త అటూ ఇటూ మార్చి పెట్టింది. నెల తిరిగేసరికి ఆఫీసువాళ్లు దానికి "నమూనా నాలుగు: విషాదం" అని పేరు పెట్టి నోటీసుబోర్డు మీద అంటించారు. ఒకటి ఆనందం, రెండు గౌరవం, మూడు వేడుకోలు. వాటినీ ఎస్తేరే కట్టింది. తన పాట ఎవరైనా వింటారా అని మూడేళ్లు సందేహించిన మనిషి ఇప్పుడు బజారుకెళ్తే నాలుగు వీధుల్లోనూ తన పాటే వినేది. సంతోషమేసేది. కూరగాయల కొట్టు దగ్గర ఎవరైనా వెనకనుంచి వస్తుంటే, ఏ చరణమో ముందే తెలిసిపోయేది.

అక్టోబరులో సన్యాసిరావు గారు స్వయంగా మేడెక్కారు. స్టూలు మీద కూర్చుని జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. సన్నాయి మోగుతూనే ఉంది.

"దీన్ని తీసేసి పిల్లనగ్రోవి పెట్టమ్మా. ఇంట్లో మా ఆవిడ దగ్గర కూడా నోరెత్తలేకపోతన్నాను."

"ఇది శుభ్రం చెయ్యడం అవదండి. మార్చడం అవుతుంది."

"పల్లయ్యకి చేసిందేంటి మరి?"

ఎస్తేరు మైకు ఆయన వీపు వెనక్కి జరిపింది. పిల్లనగ్రోవి పెట్టింది. ఆయన మెట్లు దిగుతుంటే కింద మార్తమ్మ కుట్టుమిషను ఆపి, ఎవరో మంచాయన వెళ్తున్నాడనుకుని నమస్కారం పెట్టింది.

క్రిస్మస్ నాటికి మండలంలో సొంత సంగీతంతో తిరిగేవాళ్లు తగ్గిపోయారు. దాంతో ఊరు కుదుటపడింది. ఆగిన సంబంధాలు కుదిరాయి. అల్లుళ్లు మళ్లీ అత్తారిళ్లకు రాసాగారు. ఎవరి మనసులో ఏముందో తెలియకపోవడం ఎంత హాయో నడుమ ఆ నాలుగు నెలలూ పోగొట్టుకున్నవాళ్లకే తెలిసింది. ఎస్తేరుకి పని పెరిగింది. అర్జీలు లేనివాళ్లు కూడా వచ్చేవారు. కొత్త స్పీకర్లు కొన్నది, ఇద్దరమ్మాయిలకు పని నేర్పింది. చర్చిలో పాస్టరు గారు ఆమెను పిల్లలకు ఉదాహరణగా చూపించి, ఇష్టమైన పనిని నమ్ముకుంటే దేవుడు దారి చూపిస్తాడని ప్రసంగించారు. ఆయన వెనక నమూనా రెండు మోగింది.

పని పూర్తయిన అర్జీదారులు మూడు నెలల్లో వచ్చి పెట్టించుకున్నది తీయించుకోవాలని నిబంధన. పల్లయ్య గడువు చివరి రోజున వచ్చి స్టూలు మీద కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఉంచేయమ్మా" అన్నాడు.

"పట్టా వచ్చేసింది కదండి."

"వచ్చింది. ఇది పెట్టినకాడ్నించీ మా ఆడది అన్నం పెట్టి పక్కన కూచుంటంది. 'ఏవైందయ్యా' అనడుగుద్ది. నలభయ్యేళ్లలో ఎప్పుడూ అడగలేదు." భుజాన తువ్వాలు సర్దుకుని, "నాకేం అవ్వలేదమ్మా, బాగానే ఉన్నాను. కానీ అడుగుతుంటే బాగుంది" అన్నాడు.

ఎస్తేరు గడువు పొడిగిస్తూ రాసిచ్చింది.

ఫిబ్రవరిలో జనన ధ్రువపత్రాలకూ సంగీతం తప్పనిసరి చేశారు. మొదట వచ్చింది సత్యవేణి అనే అమ్మాయి, ఇరవై రోజుల ఆడపిల్లను చీరకొంగులో చుట్టుకుని. ఎస్తేరు మైకు దగ్గరకు జరిపి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

అలాంటిది ఆమె ఎప్పుడూ వినలేదు. ఏ వాయిద్యమో చెప్పలేకపోయింది. రేకు మీద వాన మొదటి చినుకుల్లా మొదలై, ఎక్కడో తడబడి, తడబాటులోంచే మరో దారి వెతుక్కుని వెళ్తోంది. ఒకసారి వచ్చింది మళ్లీ రావడం లేదు. పదిహేడేళ్లుగా శబ్దంతో బతుకుతున్న ఎస్తేరు వేళ్లు మీటల మీద కదలకుండా అలాగే ఉండిపోయాయి. హెడ్‌ఫోన్లు తీసి గదిలోకి వినిపించింది. కింద కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"ఏంటండి ఇది?" అంది సత్యవేణి భయంగా. "ఏడుపో నవ్వో తెలట్లేదు."

"రెండూ కాదండి. చాలా బాగుంది. ఇలాగే ఉంచేద్దామా?"

"ఉంచితే సర్టిఫికెట్టు ఇత్తారా?"

ఎస్తేరు ఫారం చూసింది. నమూనాలకు నాలుగే గళ్లున్నాయి.

"ఇవ్వరండి."

"మరి రేపు బడిలో ఎలా చేర్చుకుంటారండి? అందరి పిల్లలకీ ఉన్నట్టు పెట్టేయండి మేడం. మీ దయ."

ఎస్తేరు ఇంకొక్కసారి చివరిదాకా విన్నది. తర్వాత నమూనా ఒకటి తీసి, పసిదానికి తగ్గట్టు జోరు కొంచెం తగ్గించి, ఆ చిన్న వీపు వెనక మూడుసార్లు వినిపించింది. మొదటిసారికి బిడ్డ మొహం చిట్లించింది. రెండోసారికి కదలకుండా విన్నది. మూడోసారికి ఆ తాళానికి సరిగ్గా కాళ్లు ఆడించడం మొదలుపెట్టింది.

"చూశారా, నచ్చింది దానికి" అంది సత్యవేణి, మొహం విప్పారగా.

నచ్చినట్టే ఉంది. ఎస్తేరు కూడా నవ్వి, సీలు వేసి, సిరా ఆరేలా రెండుసార్లు ఊది, కాగితం ఆమె చేతికిచ్చింది.