అల్లుడుగారు లెక్కకట్టిన పోటు

ఆ రోజు పొద్దున గంగాధరం పెట్టుకున్న పని ఒక్కటే. పున్నమి పోటు నిండుగా రాగానే, మరమ్మతుకని ఒడ్డెక్కించిన తన బోటును మళ్ళీ సముద్రంలో కలిసే ఏట్లోకి దించడం. రెండు నెలల వేట నిషేధం ఆ రాత్రితో ముగుస్తుంది. తెల్లారితే ఆ జాలరి పాళెంలోని బోట్లన్నీ సముద్రం మీదికి పోతాయి. ఇవాళ దించకపోతే అమావాస్య పోటు దాకా, అంటే ఇంకో రెండు వారాలు, బోటు ఇసుకలోనూ గంగాధరం గట్టు మీదా కూర్చోవలసిందే. ఊళ్ళో వాళ్ళంతా తొలివేట చేపలు దించుతుంటే తను చూస్తూ కూర్చోవడం ఆయన వల్ల కాని పని.

ఇలాంటి పనికి పాళెంలో ఎవరూ లెక్కలు వేయరు. బీడీ వెలిగించి నీళ్ళకేసి చూస్తారు, చాలనిపించినప్పుడు లేస్తారు. అయితే ఆ పూట ఇంట్లో కొత్త అల్లుడున్నాడు. కిషోర్ బాబు నాయుడుపేటలో జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరరు. పెళ్ళయి మూడు నెలలైంది. మామకు ఏదో ఒక సాయం చెయ్యాలని పాపం అతనికి మహా ఉబలాటంగా ఉంది.

"ఊరికే చూస్తా కూర్చుంటే ఎట్టా మామా? అరగంటకొకసారి నీళ్ళు కొలవండి. మూడు నాలుగు కొలతలుంటే చాలు, వాటి మీదుగా వంపు గీసేస్తా. పోటు శిఖరం ఎన్ని గంటలకో ముందే చెప్పేయొచ్చు," అన్నాడు.

"నిమిషంతో సహానా అల్లుడుగారూ?"

"నిమిషంతో సహా."

ఇంట్లో టేపు దొరకలేదు. గంగాధరం ఏటి రాయి పక్కన వెదురుగడ ముంచి, తడిసినంత మేర జానలతో కొలిచాడు. ఏడింటికి నాలుగు జానలు. ఏడున్నరకు నాలుగున్నర. "ఆరొస్తే బోటు దానంతట అదే లేస్తాది. దాన్ని దోవలో పెట్టడానికే మనుషులు గావాల," అని చెప్పి, ఆ మనుషుల్ని పిలవడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. కిషోర్ బాబు వసారాలో నోటుపుస్తకం తెరిచి రెండు చుక్కలు పెట్టుకుని, మూడో చుక్క కోసం ఎదురు చూశాడు.

ఎనిమిదింటికి ఆ చుక్కను అత్త నాగులమ్మ కొలిచింది. ఆవిడ పొట్టి మనిషి, చేతులూ చిన్నవే. తడిసిన గడ మీద జానలు వేస్తే సరిగ్గా ఆరు వచ్చాయి. ఆ ఇంట్లో అత్త కొత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచి కూతురితోనే చెప్పిస్తుంది.

"ఆరని చెప్పు. నా చేత్తో కొలిచినానని గూడా చెప్పు," అంది కూతురు వనజాక్షితో.

రెండో మాట అమ్మ గొప్పకు చెప్పుకుంటోందనుకుని వనజాక్షి దాన్ని గడప దాటించలేదు. "ఆరంట," అని ఊరుకుంది.

కిషోర్ బాబు ఎగిరి నిలబడ్డాడు. "ఆరా! అరగంటలో జానన్నరా!"

ఆ కేకకు గంగాధరం, ఆయన తమ్ముడు ప్రసాదు, ఇంకో పదిమంది పరుగున వచ్చి బోటుకు భుజాలు ఆనించారు. బోటు కదల్లేదు. మళ్ళీ తోశారు. ఒకడు జారి బొక్కబోర్లా పడ్డాడు, బోటు మాత్రం ఉన్నచోటనే ఉంది.

"ఆరొస్తే దానంతట అదే లేస్తాదంటివే అన్నా?" అన్నాడు ప్రసాదు రొప్పుతూ.

"లేవాలే మరి," అన్నాడు గంగాధరం అయోమయంగా. ఆరు జానల నీళ్ళు ఉండవలసిన చోట ఆయనకు ఆరు జానల నీళ్ళు కనిపించడం లేదు.

"అడుగున బురద పట్టేసుంటుంది మామా, తవ్వించండి," అన్నాడు అల్లుడు. సరేనని పారలు తెచ్చి అందరూ అరగంట సేపు లేని బురద తవ్వారు. ఎనిమిదిన్నరకు ప్రసాదు వెళ్ళి గడ కొలిచాడు. అతని అరచెయ్యి చిన్నసైజు చేట. నాలుగున్నర జానలు వచ్చాయి.

కిషోర్ బాబు నాలుగో చుక్క పెట్టి, అన్నిటి మీదుగా వంపు గీశాడు. ముఖం పాలిపోయింది.

"శిఖరం ఎనిమిదీ అయిదుకు వచ్చి వెళ్ళిపోయింది మామా. ఇక దిగడమే."

గంగాధరం కిందికి చూసుకున్నాడు. ఇందాక చీలమండ దగ్గరున్న నీళ్ళు పిక్కల మీదికి వచ్చాయి. "ఇంకా ఎక్కతా ఉన్నట్టుండాదే అల్లుడుగారూ..."

"అలల వల్ల అట్టా అనిపిస్తుంది మామా. లెక్క అబద్ధం చెప్పదు."

చదువుకున్న అల్లుడి మాటను పదిమందిలో కాదనడం ఎలా? నలభై ఏళ్ళుగా నీళ్ళలో నిలబడ్డ తన కాళ్ళనే గంగాధరం అనుమానించాడు. వచ్చినవాళ్ళు పారలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఆయన తమ్ముడితో కలిసి గట్టు మీద ఏటికి వీపు పెట్టి కూలబడ్డాడు. ఆ నీళ్ళు చూస్తే ఏడుపొచ్చేలా ఉంది. కిషోర్ బాబుకు మామ ముఖం చూడబుద్ధి కాలేదు. ఎక్కడో నిమిషం తేడా ఉందేమో సరిచూద్దామని పుస్తకంతో బోటెక్కి, ఎండకు పైన కట్టిన పట్టా నీడన కూర్చున్నాడు.

తొమ్మిదింబావుకు నాగులమ్మ వాకిట్లోకి వచ్చి చూస్తే బోటు నడుస్తోంది. అందులో అల్లుడు తల వంచుకుని రాసుకుంటున్నాడు. ఆవిడ మాట చెప్పించడానికి కూతురి కోసం ఇటూ అటూ చూసింది. వనజాక్షి కనిపించలేదు. బోటు ఇంకో బారెడు దూరం జరిగింది.

"ఒరే అబ్బయా! బోటు పోతా ఉండాది, చూసుకోరా!" అని అరిచింది. అల్లుడితో ఆవిడ మాట్లాడిన మొట్టమొదటి మాట అదే.

"లేదత్తయ్యా, పోటు ఎనిమిదీ అయిదుకే దిగిపోయింది," అన్నాడు కిషోర్ బాబు తల ఎత్తకుండా. తర్వాత ఎత్తి చూశాడు. గట్టు వెనక్కి పోతోంది. "మామా! నాకు ఈత రాదు మామా!"

గంగాధరమూ ప్రసాదూ ఏట్లోకి దూకారు. కేకలు విని పారలు పట్టుకెళ్ళిన పదిమందీ తిరిగొచ్చి దూకారు. అందరూ రెండు పక్కలా పట్టుకుని బోటును దోవలో పెడుతుంటే, నాగులమ్మ గట్టు మీద నుంచి తన చిన్న అరచెయ్యి పైకెత్తి చూపించింది. "ఆ ఆరూ ఈ చేత్తో కొలిచినవయ్యా!"

నీళ్ళలోంచి ప్రసాదు తన చెయ్యెత్తాడు. "నాలుగున్నర దీంతో!"

కిషోర్ బాబు ఆ చేతినీ ఈ చేతినీ మార్చి మార్చి చూసి, పుస్తకం మూసేశాడు. గంగాధరం బోటు అంచు పట్టుకుని పగలబడి నవ్వాడు. ఎలా దిగితేనేం, బోటు నీళ్ళలో ఉంది. రేపు అందరితో పాటే అదీ వేటకు పోతుంది.

ఆ రోజు పోటు శిఖరం సరిగ్గా ఎన్ని గంటలకు వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. అది వచ్చిన వేళకు కొలవవలసిన వాళ్ళంతా పీకల్లోతు నీళ్ళలో ఉన్నారు.