గోడెక్కిన మస్కీ

బెంట్ ఓర్ సరస్సు మత్స్యవీరుల సంఘం గోడ మీద పన్నెండో చేపను ప్రతిష్ఠించే శుభకార్యం గత శుక్రవారం హెమ్లాక్ క్లబ్బులో జయప్రదంగా జరిగిందనీ, ఆ తరువాతి సోమవారం నుంచి మా ఊరి మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదనీ సంఘ కార్యదర్శి హోదాలో తెలియజేయడానికి విచారిస్తున్నాను.

మా ఉత్తర విస్కాన్సిన్‌లో మస్కీ అనే పొడవాటి మంచినీటి చేపను చంపడం మర్యాద కాదు. దొరికినదాన్ని టేపుతో కొలిచి, ఫొటో తీసి, ముద్దుపెట్టుకున్నంత పనిచేసి నీళ్ళలోకి వదిలేస్తాం. ఆ ఫొటో, ఆ కొలత పట్టుకెళ్ళి ఓర్విల్ ట్రెస్‌కి ఇస్తే, ఆయన అచ్చులో ఫైబర్‌గ్లాస్ పోసి, మచ్చలు దిద్ది, పళ్ళు అమర్చి, అచ్చం మన చేపనే మన చేతిలో పెడతాడు. చేప నీళ్ళలో ఉంటుంది, కీర్తి గోడ మీద ఉంటుంది. ఒక్క ప్రాణికి కూడా హాని జరగదు, సత్యానికి తప్ప.

ఓర్విల్ దగ్గర అచ్చులు నలభై ఎనిమిది అంగుళాల నుంచి మొదలవుతాయి. అంతకు తక్కువ కావాలని అడిగినవాడు ఇరవై ఏళ్ళలో పుట్టలేదు. ఎవరైనా నిజాయితీగా నలభై అంటే ఆయనే బుజ్జగిస్తాడు. "పెరిగే వయసు కదండీ పాపం! ఇది తయారయ్యేలోగా అది అక్కడ ఎదుగుతూనే ఉంటుంది. కాస్త వదులుగానే తీసుకోండి." బడికెళ్ళే పిల్లలకు బట్టలు కుట్టించినట్టే మా ఊళ్ళో చేపలను చేయిస్తారు.

ఇక పన్నెండో చేప సంగతి. స్కూలు బస్సు నడిపి రిటైరైన వెర్లిన్ క్వామ్, ఆయన భార్య ఆర్లిస్ మే నెలలో చిన్న చేపల కోసం పడవేసుకుని వెళ్ళారు. వెర్లిన్ సాండ్‌విచ్ పొట్లం విప్పుతుండగా ఆర్లిస్ గాలానికి మస్కీ తగిలింది. దారం చూస్తే సన్నం, చేప చూస్తే మొండిది. ఆమె ఇరవై నిమిషాలు పెనుగులాడింది. అరచేతులు కోసుకుపోయాయి. చివరికి వలలోకి లాగి, తనే టేపు పెట్టి కొలిచింది. నలభై రెండు అంగుళాలు.

"అబ్బ, నీకు బరువు, ఇలా ఇవ్వు. నువ్వు ఫొటో తియ్యి," అన్నాడు వెర్లిన్. ఆవకాయ జాడీ అందుకున్నంత దయగా అందుకుని, చేతులు రెండూ కెమెరా వైపు బారచాపాడు. అలా చాపితే చేప పెద్దదవుతుందని మా సరస్సు మీద పసిపిల్లలకు కూడా తెలుసు. ఫొటోలో వెర్లిన్ ఉన్నాడు, చేప ఉంది. ఆర్లిస్ ఫొటో తీస్తోంది కాబట్టి లేదు.

ఓర్విల్ దగ్గర ఆ చేప యాభై రెండు అంగుళాలైంది. అన్నిటికన్నా చిన్న అచ్చుకు ఆరంగుళాల వదులే చాలినా, బస్సు డ్రైవర్‌గా వెర్లిన్ ఊరికి చేసిన సేవ దృష్ట్యా ఓర్విల్ పది దాకా ఉదారంగా ఆలోచించాడు. కింద బిగించే ఇత్తడి పలక దగ్గర మాత్రం ఒక చిన్న చిక్కు వచ్చింది. జనవరిలో జరిగిన సంఘ సమావేశానికి ఆర్లిస్ స్వయంగా వచ్చి, "నాకేం పెద్ద కోరికల్లేవయ్యా. ఆ పలక మీద నా పేరు రాయండి, చాలు. ఆ చేపను పట్టింది నేను," అంది.

సభ్యులు నొచ్చుకున్నారు. నేను నిబంధనావళి తెరిచి మూడో నిబంధన చదివి వినిపించాను: ఫొటోలో చేప ఎవరి చేతుల్లో ఉందో ఆ చేప వారిదే. వెర్లిన్ లేచి, "మా ఇంట్లో నీది నాది అని తేడా ఉందటే?" అన్నాడు. ఆ ఔదార్యానికి సభ చప్పట్లు కొట్టింది. ఆర్లిస్ తన అరచేతులు ఒకసారి చూసుకుని కోటు వేసుకుని వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. అయినా తీర్మానం నా దస్తూరీతోనే రాశాను.

పలక మీద పేరు, పొడవు, తేదీ తప్పనిసరి అని నాలుగో నిబంధన. అందుచేత ఓర్విల్ అందంగా చెక్కాడు: వెర్లిన్ క్వామ్, యాభై రెండు అంగుళాలు, మే పంతొమ్మిది.

ప్రతిష్ఠ నాడు శుక్రవారపు చేపల విందు కూడా కావడంతో క్లబ్బు కిటకిటలాడింది. ఆచారం ప్రకారం అందరి పళ్ళేల్లోనూ సముద్రం నుంచి వచ్చిన చేప వేపుడు, అందరి చేతుల్లోనూ బ్రాందీ. అధ్యక్షులవారు తెర లాగారు. వెర్లిన్ గొంతు సవరించుకున్నాడు. "మిత్రులారా! ఆనాడు సరస్సులో నేనూ, అదీ ఒంటరిగా మిగిలాం. రెండు గంటలు పోరాడాం. చివరికి దాని కళ్ళలో నా మీద గౌరవం చూశాను!" ఎవరో కళ్ళు తుడుచుకున్నారు.

మూలబల్ల దగ్గర వేపుడు తింటున్న చేపల వేట నిబంధనలు చూసే ప్రభుత్వ వార్డెన్ పౌలక్ నెమ్మదిగా లేచి, చెయ్యి తుడుచుకుని, పలక దగ్గరకు వెళ్ళి చదివాడు. మస్కీ వేట మొదలయ్యేది మే నెలాఖరు శనివారం. ఆలోగా పొరపాటున తగిలితే నీళ్ళలోంచి తీయకుండానే వదిలెయ్యాలి. ఫొటో తీస్తే నేరం. ఆ నేరాన్ని తేదీతో సహా ఇత్తడి మీద చెక్కించి, దీపం పెట్టి, ప్రభుత్వాన్ని భోజనానికి పిలిచిన ఊరు మాదే.

"ఈ చేపను పట్టిందెవరండీ?" అన్నాడు పౌలక్, జేబులోంచి జరిమానా చీటీల పుస్తకం తీస్తూ.

"మా ఆవిడ," అన్నాడు వెర్లిన్. అంత త్వరగా ఆయన బస్సు బ్రేకు కూడా వేసి ఎరగడు.

క్లబ్బంతా వెనక బల్లల వైపు తిరిగింది. ఆర్లిస్ లేచి నిలబడింది. ఆమె మొహంలో అంత సంతోషం వాళ్ళ పెళ్ళినాడు కూడా చూడలేదని పెళ్ళికి వెళ్ళినవాళ్ళు చెప్పారు.

"అవునయ్యా, నేనే పట్టాను. రాసుకో."

"మీకు తెలీక జరిగింది కదమ్మా. హెచ్చరించి వదిలేస్తాను లెండి."

"వదిలేస్తావా? చట్టమంటే నీకు ఆటగా ఉందా? రాయి!"

"సరే. పొడవెంత?"

"నలభై రెండు."

జనం తలెత్తి గోడకేసి చూశారు. ఒక్క పన్నెండో చేపనే కాదు, పన్నెండింటినీ వరసగా చూశారు. వెర్లిన్ బ్రాందీ గ్లాసులోకి చూశాడు.

సంఘం మొదటి నిబంధన ప్రకారం సర్కారు ముద్ర ఉన్న రుజువు మిగతా అన్ని రుజువులనూ తోసిపుచ్చుతుంది. దాన్ని రాసిన పెద్దలు అలాంటి రుజువు ఎవరైనా తెస్తారని కలలో కూడా అనుకోలేదు. శనివారం ఆర్లిస్ ఆ నేరపు చీటీకి చట్రం కట్టించి తెచ్చి చేప కింద మేకు కొట్టి తగిలించింది. పేరు, పొడవు, తేదీ, ముద్ర, అన్నీ ఉన్నాయి. గోడ మొత్తం మీద నిజం చెప్పే కాగితం అదొక్కటే. నేను ఇత్తడి పలక ఊడదీశాను.

సోమవారం పొద్దున మంచు కురుస్తుండగా వార్డెన్ ఆఫీసు ముందు, గోడ మీది చేపలను తామే పట్టామంటూ ఎనిమిది మంది ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. పాత నేరాలకు చీటీ రాయడం కుదరదని పౌలక్ మొత్తుకున్నాడు. ఇందులో సగం నేరాలే కావన్నాడు. "ఏదో ఒక నేరం నువ్వే చూసి రాయి బాబూ. పేరూ కొలతా మాత్రం సరిగ్గా రాయి," అన్నారు వాళ్ళు. మధ్యాహ్నానికి చీటీల పుస్తకం అయిపోయింది.

వరసలో మూడో ఆమె మా ఆవిడ. గోడ మీద నా చేప యాభై అంగుళాలు. ఆమె ముప్పై ఎనిమిదని రాయించుకొచ్చింది. పడవలో తెడ్డు వేస్తూ కూర్చున్నవాణ్ణి కనక నాకు బాగా గుర్తు, అది ముప్పై ఏడున్నరే. పేర్లు మారాయి గానీ, సంఘ సంప్రదాయానికి లోటు రాలేదు.