నేరమంతా ఎండదే!

కుటుంబానికి ఒక ఫోన్ గ్రూపు ఉంటే చాలు, ఆసుపత్రులన్నీ మూసేయవచ్చు! నవ్వకండి. మా బాబాయి చేతులే ఇందుకు సాక్ష్యం.

బాబాయి బస్సు డ్రైవరు. కొన్నాళ్లుగా ఆయన చేతుల మీద బొబ్బలు లేస్తున్నాయి. గేరు రాడ్ రాసుకున్నా తోలు ఊడి వస్తోంది. అవి మానితే గానీ స్టీరింగు ముట్టుకోవద్దని డిపో మేనేజరు ఖరాఖండిగా చెప్పేశాడు.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఇది లివరుతో ముడిపడిన చర్మవ్యాధి అని తేల్చింది. ఒంట్లో ఐరన్ పేరుకుపోయిందట. అది తగ్గడానికి అప్పుడప్పుడూ కాస్త రక్తం తీయాలి, చేతులకు ఎండ తగలకూడదు, ఐరన్ టానిక్కుల జోలికి పోకూడదు, అన్నిటికన్నా ముందు తాగుడు మానాలి అంది.

పాపం, ఆవిడ ఒక్కతే ఎంతకని ఆలోచిస్తుంది? మా గ్రూపులో ముప్ఫై మందిమి ఉన్నాం!

రక్తం తీశారని తెలియగానే మేనత్త అల్లాడిపోయింది. "ఉన్న రక్తమంతా లాగేస్తే మా తమ్ముడేం కావాలి?" అంటూ పెద్ద సీసా ఐరన్ టానిక్కు పట్టుకొచ్చింది. అక్కడ తీస్తారు, ఇక్కడ పోస్తారు. ఇంతటి సహకారం ఏ రెండు ఆఫీసుల మధ్యనైనా చూశారా?

ఇక తాగుడు సంగతి. పిన్ని వాళ్లన్నయ్య, అంటే మాకు మావయ్య, తీర్పు చెప్పాడు: "బీరు తాగుడు కిందికి రాదు బావా. ఒట్టి బార్లీ నీళ్లు!" గ్రూపు గ్రూపంతా బొటనవేళ్లు పైకెత్తింది.

చివరికి అసలు దోషి ఎండేనని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఎంత చక్కని తీర్మానం! ఎండ మా గ్రూపులో లేదు. నొచ్చుకోదు. అలిగి పెళ్లిళ్లకు రావడం మానేయదు.

మొన్న ఆదివారం మావయ్య సంచీతో దిగాడు. బాబాయి చేతుల మీద ఎండ పడుతోందని తనే లేచి కర్టెన్ మూశాడు. అంత జాగ్రత్త మనిషి! ఆ తర్వాతే బీరు సీసా మూత తీశాడు.

పిన్ని వంటింట్లోంచి వచ్చి కర్టెన్ బర్రున పక్కకు లాగేసింది.

"ఎండకైతే గ్లౌజులు కుట్టి ఇస్తాను అన్నయ్యా. నువ్వు తెచ్చిన ఈ సీసాకి ఏం కుట్టమంటావ్?"

బాబాయి సీసా వంక చూశాడు. తన చేతుల వంక చూసుకున్నాడు.

"తీసుకుపో బావా," అన్నాడు మెల్లగా. "నాకు బస్సు కావాలి."

ఆ సాయంత్రమే గ్రూపులో అత్యవసర చర్చ. పిన్నికి ఈ మధ్య నోరు లేచిందట! కారణం కూడా కనిపెట్టేశాం.

ఎండలో తిరుగుతోంది కదండీ!